మెల్లగా మాస్టారి కారు

మా బావ ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పొద్దున ఎనిమిదింటి నుంచి చీకటి పడేదాకా కార్లోనే ఉంటాడు గానీ, స్టీరింగ్ ఎప్పుడూ ఆయన చేతిలో ఉండదు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "మెల్లగా, మెల్లగా" అంటూ ఉంటాడు. నేర్చుకునేవాళ్ళు చాటుగా ఆయన్ని మెల్లగా మాస్టారు అంటారు. ఆ పేరు ఆయనకీ తెలుసు. ఒకసారి ఫోనెత్తి, "ఆ, మెల్లగా మాస్టార్నే మాట్లాడుతున్నా, చెప్పండి" అన్నాడు కూడా. అవతలివాళ్ళు సిగ్గుతో ఫోన్ పెట్టేశారట.

నేను మెకానిక్‌ని. నాకొక షెడ్డుంది, అందులో కార్లని పైకెత్తే లిఫ్టు ఒకటి ఉంది. నా దగ్గరికి వచ్చేవి చిన్న కార్లే. క్లచ్చులు, బ్రేకులు, ఆయిల్ మార్చడం, బ్యాటరీలు. బావ వాళ్ళ స్కూలు కార్లు నాలుగూ నా దగ్గరికే వస్తాయి. క్లచ్చు ప్లేట్లు అరగదీసేది ఆయన శిష్యులు, మార్చేది నేను. "మనిద్దరి పొయ్యీ ఒకే క్లచ్చు మీద వెలుగుతోందిరా" అనేవాడు బావ.

మా అక్క ఒక ల్యాబులో రక్తం తీస్తుంది. ఆవిడ సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదని పేరు. మాట మాత్రం బాగా గుచ్చుకుంటుంది.

బావకి ఎప్పటినుంచో ఒక కోరిక ఉండేది. ఒకావిడ తన సొంత కారులోనే నేర్పమని ఒక పెద్ద కారు తెచ్చింది. పేరు చెబితే పక్కవాళ్ళు తలతిప్పి చూసే కంపెనీ. నెల రోజులు ఆ కారు పక్క సీట్లో కూర్చున్నాడు. "తలుపు వేస్తే చప్పుడు రాదురా. బయటి చప్పుడు ఆగిపోతుంది, అంతే" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. కొత్తది కొనే స్తోమత ఏ జన్మకీ రాదని ఆయనకి తెలుసు. కానీ అలాంటిదే ఎనిమిదేళ్ళ పాతది, కొత్త చిన్న కారు ధరకే దొరుకుతుందని ఎక్కడో చూశాడు. ఆ సంగతి కనిపెట్టినవాడు ఈ లోకంలో తనొక్కడే అన్నట్టు మురిసిపోయాడు.

ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"సాయంత్రం ఖాళీయేనా? ఒక బండి చూడాలి."

"ఎవరిది?"

"మనదే అనుకో. అడ్వాన్స్ ఇచ్చేశాను."

నాకు చురుక్కుమంది. ఇరవై ఏళ్ళుగా ఆయన తొక్కించే కార్లన్నీ నా చేతిమీదుగా పోతున్నాయి. కొనేముందు నాతో ఒక్క మాట అనలేదు. అంతా తేల్చుకున్నాక నన్ను పిలవడం ఎందుకు అనుకున్నాను. అనుకున్నానే గానీ బయటికి అనలేదు. చేతులు కడుక్కుని వెళ్ళాను.

పాత కార్లు అమ్మే చోటు అది. గేటు లోపల వరసగా ఇరవై కార్లు, అద్దాల మీద ధరల కాగితాలు. అమ్మేవాడు మెత్తటి మనిషి, కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతోంది. నన్ను చూసి కుర్చీ వేశాడు. బావ అప్పటికే కార్లో కూర్చుని ఉన్నాడు. డ్రైవర్ సీట్లో. ముదురు నీలం రంగు కారు. అద్దం దించి నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు మా అక్క పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

బానెట్ తెరిచాను. నా ఎదురుగా ఇంజను లేదు, నల్లటి ప్లాస్టిక్ మూత ఉంది. నా దగ్గరికి వచ్చే కార్లలో బానెట్ ఎత్తితే పైపులు, బెల్టులు, బ్యాటరీ అన్నీ చుట్టాల్లా కనిపిస్తాయి. ఇక్కడ ఎవరూ పలకరించలేదు. ఆ మూత ఎక్కడ పట్టుకుని లాగితే వస్తుందో కూడా నాకు తెలియలేదు. ముందు ఆయిల్ చూద్దామని డిప్‌స్టిక్ కోసం వెతికాను. ఆయిల్ ఎంతుందో, ఎలా ఉందో చూసే పుల్ల, ఏ కారుకైనా ఉంటుంది. ఆ కారుకి లేదు. తర్వాత తెలిసింది, అలాంటి కార్లలో ఆ కొలత తెర మీద కనిపిస్తుందని. అప్పుడు మాత్రం, వెనక బావ నిలబడి చూస్తున్నాడు, పక్కన అమ్మేవాడు చూస్తున్నాడు, నేను వంగి ఎక్కడో చెయ్యి పెట్టి, వేళ్ళు చూసుకుని, గుడ్డతో తుడుచుకున్నాను. వేళ్ళకి ఏమీ అంటలేదు. ఏదో చూసినట్టు తలాడించాను.

కారు అడుగుభాగం చూడాలంటే లిఫ్టు ఎక్కించాలి. అక్కడ లిఫ్టు లేదు. నా షెడ్డుకి తీసుకెళ్దాం అనొచ్చు. తీసుకెళ్ళినా ఏం చూడాలో నాకు తెలియదు. దాని కంప్యూటర్ని చదివే స్కానర్ నా దగ్గర లేదు.

ఇంజను ఆన్ చేయించి విన్నాను. మెత్తగా ఉంది. టైర్లు నొక్కాను. ఒక చుట్టు తిప్పించాను.

అప్పుడు ఆ అమ్మేవాడే అన్నాడు, "కావాలంటే కంపెనీ వర్క్‌షాప్‌లో ఒకసారి చూపించుకోండి సార్. ఒక పూట పని. లిఫ్టు ఎక్కించి అంతా చూసి కాగితం రాసిస్తారు. వారం ఆగుతాను, నాకేం తొందర లేదు."

బావ నా వైపు చూశాడు. "ఏమంటావు?"

ఇప్పటికీ ఆ చూపు నాకు గుర్తుంది. అందులో అనుమానం లేదు. నేను చూపిద్దాం అంటే చూపించేవాడు. వారం ఓపిక పట్టలేనంత చిన్నపిల్లాడు కాదు. నేను అనాల్సింది ఒక్కటే మాట. ఈ రకం బండి నాకు తెలియదు బావా అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా అక్క మొగుడి ముందు, ముక్కూమొహం తెలియని మనిషి ముందు, ఇరవై ఏళ్ళు స్పానర్ పట్టినవాణ్ణి, నాకు తెలియదని ఎలా అనేది?

"అక్కర్లేదు. ఢోకా లేదు. బండి బాగుంది" అన్నాను.

బావ నా భుజం తట్టి అమ్మేవాడితో, "మా బామ్మర్ది చూశాడంటే ఇంకెవరూ చూడక్కర్లేదండీ" అన్నాడు.

తర్వాత ఆరు వారాలు ఆ ఇంట్లో పండగే. బావ పొద్దున్నే గంట ముందు లేచి కారు తుడిచేవాడు. అక్కని ల్యాబు దగ్గర దింపి, కారు ఇంటి దగ్గర పెట్టి, మళ్ళీ నడుచుకుంటూ స్కూలుకి వెళ్ళేవాడు. ఆ కారులో స్కూలుకి వెళ్తే ఓనరు జీతం పెంచడం ఆపేస్తాడని ఆయన భయం. ఒక ఆదివారం ముగ్గురం కలిసి ఊరి బయటి రోడ్డు మీద చాలా దూరం వెళ్ళాం. బస్సెక్కినా రైలెక్కినా రెప్ప వాల్చని మా అక్క, వెనక సీట్లో నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోయింది. బావ అద్దంలో ఆవిడని చూసి నాకు సైగ చేశాడు. మాట్లాడొద్దు అని. గంటసేపు ఎవరం మాట్లాడలేదు.

ఏడో వారం ఒక పొద్దున బావ ఫోన్ చేశాడు. గొంతులో కంగారు లేదు. "కారు ఒక పక్కకి ఒరిగిందిరా. పంచర్ కాదు."

వెళ్ళి చూశాను. ముందు చక్రం ఒకటి మడ్‌గార్డు కిందికి పూర్తిగా దూరిపోయి, కారు మోకాలి మీద కూర్చున్నట్టుంది. అందులో మామూలు స్ప్రింగులు ఉండవు. వాటి చోట గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. ఒకటి పగిలింది. ఇది కూడా నేను ఫోన్‌లో వెతికి తెలుసుకున్నదే. బావకి మాత్రం పుట్టినప్పటినుంచీ తెలిసినట్టు చెప్పాను.

కంపెనీ వర్క్‌షాప్ వాళ్ళు వచ్చి లారీ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళారు. ఒకటి మారిస్తే చాలదు, జత మార్చాలన్నారు, దానికి గాలి కొట్టే పంపు కూడా బలహీనపడిందన్నారు. అయిన ఖర్చుతో మా షెడ్డులో ఒక చిన్న కారుకి ఇంజనే దించి ఎక్కించొచ్చు. బావ కార్డు తీసి ఇచ్చాడు. బయటికొచ్చాక, "పెద్ద బండి కదా, పెద్ద జబ్బే వస్తుంది" అని నవ్వాడు. అక్క నవ్వలేదు. అప్పటికింకా ఏమీ అనలేదు కూడా.

ఇంకో రెండు నెలలకి దారి మధ్యలో ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. అక్క పక్కనే ఉంది, ల్యాబుకి ఆలస్యమవుతోంది. వెనక కార్లు హారన్లు కొడుతుంటే, ఎవరో అద్దం దించి, "డ్రైవింగ్ నేర్చుకుని రావయ్యా" అన్నాడట. మెల్లగా మాస్టార్ని పట్టుకుని. అక్క ఆ మాట నాతో చెబుతూ నవ్వింది గానీ, అది నవ్వు కాదు.

వర్క్‌షాప్‌కి నేనూ వెళ్ళాను. అక్కడ రిపేరుకి వచ్చిన కార్ల వివరాలు రాసుకునే అమ్మాయి ఒకర్తి ఉంది, చేతిలో పలక లాంటి కంప్యూటరు పట్టుకుని, చకచకా మాట్లాడుతుంది. బావ కౌంటరు దగ్గర కాగితాలు నింపుతున్నాడు. ఆ అమ్మాయి నన్ను లిఫ్టు కిందికి తీసుకెళ్ళి టార్చి వేసి చూపించింది.

"ఇది చూశారా?"

ఇంజను పక్కన, నీటి పంపు చుట్టూ గులాబీ రంగు పొక్కు కట్టి ఉంది. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ కారి కారి ఎండిన గుర్తు. ఒక చోట కాదు, జానెడు మేర, పొర మీద పొర.

"ఇది ఈ మధ్యది కాదు. ఏడాది పైమాటే. పంపు లోపలి ప్లాస్టిక్ విరిగింది. వేడెక్కి, ఇంజను రెండు భాగాల మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ కూడా పోయింది. ఈ మోడల్‌కి ఇది మామూలే, పైకెత్తి చూస్తే పది నిమిషాల్లో ఎవరైనా కనిపెడతారు. కొనేముందు ఎవరికీ చూపించలేదా?"

"ఎవరో తెలిసిన మెకానిక్ చూశాడట" అన్నాను.

"ఏం మెకానికో" అంది ఆ అమ్మాయి, టార్చి ఆపుతూ.

కౌంటరు దగ్గర బావ తలెత్తి, "ఏమంటున్నార్రా?" అని అడిగాడు.

"పంపు పోయిందట బావా."

"మనం కొన్నాకే పోయిందా?"

"ఆ. ఇలాంటివి చెప్పకుండా పోతాయి."

బావతో ఆడిన రెండో అబద్ధం ఇది. మొదటిది సిగ్గుతో ఆడాను. ఇది తెలిసి తెలిసి ఆడాను. మొదటిదాన్ని తెలియనితనం కింద తోసేయొచ్చు. దీన్ని ఎక్కడ దాచాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వాళ్ళు చెప్పిన ఖర్చు కారు ధరలో సగం దగ్గరికి వచ్చింది. బావ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ వారం నుంచి స్కూల్లో ఆదివారం బ్యాచ్ కూడా తీసుకున్నాడు.

అక్క అప్పుడు మొదలుపెట్టింది. అరిచే మనిషి కాదు. అన్నం వడ్డిస్తూ, కూర గిన్నె ముందుకి జరుపుతూ, మామూలు గొంతుతోనే అనేది.

"ఈ వయసులో ఈయనకి సోకు పట్టుకుంది. తలుపు చప్పుడు వినడానికి కొన్నారు మా ఆయన. ఇప్పుడు ఆ తలుపు తీసే పనే లేదు."

బావ పళ్ళెంలోకి చూస్తూ తినేవాడు.

"ఎవరినైనా అడిగి కొన్నారా? అడ్వాన్స్ ఇచ్చేసి ఇంటికొచ్చి చెప్పారు. నేనైతే రిపోర్టు చేతికి రాకుండా జ్వరం వచ్చినవాడికి కూడా జ్వరమని చెప్పను."

"వాడు చూశాడుగా" అన్నాడు బావ, నన్ను చూపిస్తూ. "వాడు చూసినప్పుడు బాగానే ఉంది. బండి అన్నాక ఎప్పుడేం పోతుందో ఎవరు చెప్పగలరు? వాణ్ణేమీ అనకు."

"వాణ్ణెందుకంటాను? మీరు ఎగబడితే వాడు మాత్రం ఏం చేస్తాడు?"

వాళ్ళిద్దరూ నన్ను కాపాడుతున్నారు, ఒకరి నుంచి ఒకరు. ఆ క్షణం చెప్పేస్తే సరిపోయేది. మజ్జిగ అడిగాను.

చేసిన తప్పుకి నోటితో కాకుండా చేతులతో జవాబు చెప్పాలనుకున్నాను. కారుని నా షెడ్డుకి లాక్కొచ్చాను. ఆ ఇంజను గురించి దొరికిన పుస్తకాలు, వీడియోలు అన్నీ చూశాను. నాకు తెలిసిన ఒక ముసలి మెకానిక్ ఆ కంపెనీలో పదేళ్ళు పనిచేశాడు. ఆయన దగ్గరికి వెళ్ళి, రోజుకి ఒక గంట కూర్చుని, విద్యార్థిలా రాసుకున్నాను. ఆ ప్లాస్టిక్ మూత ఎలా తియ్యాలో మొదట అడిగితే ఆయన నా మొహంలోకి చూశాడు. "నాలుగు మూలలా పైకి లాగు, అంతే" అన్నాడు. అంతే.

మూడు వారాలు పట్టింది. షెడ్డు తెరవకముందు పొద్దున పూట రెండు గంటలు, సెలవు రోజుల్లో రోజంతా. హెడ్ దించి, గ్యాస్కెట్ మార్చి, పంపు మార్చి, గొట్టాలు మార్చాను. సామాను నేనే కొన్నాను. కారు నడిచింది. తాళాలు ఇచ్చినప్పుడు బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీ ఋణం ఎలా తీర్చుకోవాలిరా" అన్నాడు.

ఆ మాటకి అక్కడికక్కడే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. అక్క ఊరుకోలేదు. "నా తమ్ముడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. మీ మొహం చూసి ఎవరు చేస్తారు ఇంత పని?" అంది. నేను బాగుచేసిన కారుతోనే ఆవిడ ఆయన్ని ఇంకో దెబ్బ కొట్టింది. ఆ దెబ్బకి కర్ర నేనే అందించాను.

ఇంకో నెలకి గేర్లు తన్నడం మొదలైంది. ఆగి కదిలినప్పుడల్లా వెనక నుంచి ఎవరో గుద్దినట్టు. గేర్‌బాక్సు విప్పడం నా వల్ల కాదు, ఈసారి ఆ మాట బావకి చెప్పాను. అది చెప్పడం ఎంత తేలికో చూసి నాకే ఆశ్చర్యమేసింది. బావ తలూపి, "అమ్మేద్దాం" అన్నాడు. పెద్దగా బాధపడినట్టు కూడా కనిపించలేదు. కానీ ఆ వారమంతా పొద్దున్నే లేచి కారు తుడుస్తూనే ఉన్నాడు.

కొనడానికి ఒక జంట వచ్చారు. ఆయన బడిలో లెక్కల మాస్టారు, ఆవిడ అదే బడిలో ఆఫీసు పని చూస్తుంది. ఇద్దరూ ఇంటి ముందు నిలబడి కారు చుట్టూ తిరిగారు. ఆవిడ తలుపు తీసి వేసింది. మళ్ళీ తీసి వేసింది. భర్త వైపు చూసి నవ్వింది. బావ నన్ను పక్కకి పిలిచాడు.

"వాళ్ళతో నువ్వు మాట్లాడరా. మెకానిక్ మాటంటే నమ్ముతారు."

లెక్కల మాస్టారు నా దగ్గరికి వచ్చి అడిగాడు. "మీరే కదండీ దీని పని చూసింది? ఎలా ఉందంటారు?"

బావ నా పక్కనే నిలబడ్డాడు, చేతులు వెనక కట్టుకుని. ఆ రోజు అమ్మేవాడి దగ్గర నిలబడ్డట్టే.

"గేర్‌బాక్సు బాగాలేదండీ" అన్నాను. "తన్నుతోంది. మార్చాలంటే చాలా అవుతుంది. ముందు చక్రాల గాలి సంచులు మార్చారు, వెనకవి ఇంకా పాతవే, అవీ పోతాయి. హెడ్ గ్యాస్కెట్ నేనే వేశాను. ఆ రకం ఇంజను నేను విప్పడం అదే మొదటిసారి. బాగానే వేశాననుకుంటున్నా. కానీ నా మాట మీద కొనకండి. కంపెనీ వర్క్‌షాప్‌లో లిఫ్టు ఎక్కించి చూపించుకోండి."

లెక్కల మాస్టారు కంగారుపడి బావ వైపు చూశాడు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"ఈయన కొన్నప్పుడు అమ్మేవాడు అదే చెప్పాడు, చూపించుకోమని. నేనే అక్కర్లేదన్నాను. ఈ బండి గురించి నాకేమీ తెలియదు. డిప్‌స్టిక్ ఎక్కడుందో వెతుక్కుంటూ నిలబడ్డాను. కింద చూడలేదు. చూసుంటే అప్పుడే పంపు కారడం కనిపించేది. వర్క్‌షాప్ వాళ్ళు చెప్పారు, ఏడాది నుంచీ కారుతోందని. ఆ సంగతి కూడా ఈయనకి చెప్పలేదు."

ఆవిడ తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది. లెక్కల మాస్టారు, "సరేనండీ, ఆలోచించుకుని చెబుతాం" అన్నాడు. వాళ్ళు వీధి మలుపు దాటేదాకా బావ అటే చూశాడు.

తర్వాత అరుగు మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"తెలియదని ఆ రోజే అనొచ్చు కదరా" అన్నాడు.

"అనొచ్చు బావా."

"అని ఉంటే చూపించేవాణ్ణి. వాళ్ళు వద్దన్నా నేను మొండికేసి కొనేవాణ్ణేమో. ఏమో, నాకా కారంటే అంత పిచ్చి. కానీ అప్పుడు తప్పు నాదయ్యేది. మీ అక్క అన్న ప్రతి మాటా నేను పడాల్సిందే అయ్యేది." జేబులోంచి కారు తాళాలు తీసి అరుగు మీద పెట్టాడు. "మీ అక్కకి తెలుసా?"

"లేదు."

"నేను చెప్పను. నువ్వే చెప్పు."

మర్నాడు మధ్యాహ్నం ల్యాబుకి వెళ్ళాను. రక్తం ఇచ్చేవాళ్ళ రద్దీ తగ్గింది. అక్క ట్యూబుల మీద చీటీలు అంటిస్తోంది. నన్ను చూసి, "ఏంటి, ఒంట్లో బాగాలేదా?" అంది. చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవిడ చీటీలు అంటించడం ఆపలేదు. చివరి ట్యూబు స్టాండులో పెట్టాక అడిగింది.

"ఆ రకం కారు నీకు రాదని ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి రాదని చెప్పడానికేం?"

"సిగ్గేసింది."

"ఎవరి ముందు?"

"బావ ముందు."

అక్క నన్ను అప్పుడు చూసింది. "ఆయన ముందా? రోజుకి పదిమంది 'నాకు రావట్లేదు మాస్టారూ' అంటే, పర్లేదు, మెల్లగా అనే మనిషి ముందా నీకు సిగ్గేసింది?"

అక్క స్టాండు పక్కకి జరిపింది.

"మూడు నెలలుగా ఆయన్ని నేనన్న మాటలన్నీ విన్నావు. పక్కన కూర్చుని అన్నం తింటూ విన్నావు. నాకు తెలియక అన్నాను. నీకు తెలిసి విన్నావు." గ్లవ్స్ తీసి డబ్బాలో పడేసింది. "వెళ్ళు. నాకు పనుంది."

ఆ సాయంత్రం వాళ్ళింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. అక్క ఆయనకి క్షమాపణ చెప్పిందో లేదో కూడా తెలియదు. ఆవిడ నోటికి ఆ మాట అలవాటు లేదు. కానీ మరుసటి ఆదివారం ఆయన బ్యాచ్ మానేసి ఇంట్లో ఉన్నాడని స్కూలు డ్రైవర్ ఒకతను చెప్పాడు. అక్క మానిపించిందట.

లెక్కల మాస్టారు పదిరోజులకి మళ్ళీ వచ్చాడట. కారుని వర్క్‌షాప్‌లో చూపించుకుని, కాగితం చేత పట్టుకుని, దాని ప్రకారం బేరం చేశాడు. బావ కొన్నదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. అయినా అన్నీ తెలిసే కొన్నారు. నేను ఆ రోజు వెళ్ళలేదు. నన్ను పిలవలేదు.

అక్క నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడుతోంది గానీ, భోజనానికి ఉండమని అడగదు. స్కూలు కార్లు నా షెడ్డుకి రావడం మాత్రం ఆగలేదు. వేరేవాళ్ళు తెచ్చి వదిలి వెళ్ళేవాళ్ళు. ఏం చెయ్యాలో బావ చేతిరాతతో కాగితం ఉండేది, ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు.

ఈ మధ్య ఒక రోజు ఆయనే వచ్చాడు. బ్రేకు కీచుమంటోందని. కారుని పైకెత్తాను. ఆయన లిఫ్టు పక్కన స్టూలు మీద కూర్చుని, నేను ప్యాడ్లు తీస్తుంటే చూస్తూ ఉన్నాడు. కాస్త చిక్కాడు. జుట్టు చెవుల దగ్గర పూర్తిగా తెల్లబడింది. నేను ఏవో మాట్లాడాను, కొత్త బ్యాచ్ ఎలా ఉందని, ఓనరు ఏమంటున్నాడని. పొడిపొడిగా జవాబు చెప్పాడు.

పని అయ్యి కారు కిందికి దించాక లేచి, చేతులతో ప్యాంటు దులుపుకుని, "మొదటి ఆరు వారాలు మాత్రం బాగా నడిచిందిరా ఆ కారు" అన్నాడు.

నన్ను ఊరడించడానికి అన్నాడో, గుర్తొచ్చి అన్నాడో తెలియలేదు. ఊరడించడానికే అయితే నేను దానికి తగను. గుర్తొచ్చే అయితే ఆయనకి ఆ ఆరు వారాలే మిగిలాయి, మిగతాది నేను తినేశాను. "అవును బావా" అన్నాను.

బయట ఆయన కోసం ఒకమ్మాయి నిలబడి ఉంది, కొత్తగా నేర్చుకుంటోందట. కారు షెడ్డు బయటికి తీశాక స్టీరింగ్ ముందు కూర్చుని రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుంది. బావ చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, పాదం రెండో బ్రేకు మీద ఆనించాడు. కారు రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. అద్దం దించి ఉండటంతో ఆయన గొంతు షెడ్డు దాకా వినిపించింది. ఆ అమ్మాయితో ఏదో చెబుతున్నాడు, చాలా ఓపికగా.